గ్రీకు, రోమన్ నాగరికతలూ పురావస్తుశాస్త్రమూ కలిపి చదవాలనుకునేవారికి

పాఠశాల చదువు పూర్తికావస్తోంది, గ్రీకు, రోమన్ చరిత్ర అంటే ఇష్టం, యూనివర్సిటీలో క్లాసికల్ నాగరికతలు, పురావస్తుశాస్త్రం కలిపి చెప్పే డిగ్రీ కనిపించింది. గ్రీకు రాదు, లాటిన్ రాదు, సైన్సు అంతంతమాత్రం. చేరవచ్చా, చేరితే ఏం చదువుతాను, చదివాక బతుకుతెరువు ఉంటుందా? మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చేరవచ్చు. భాషలు ముందే వచ్చి ఉండనక్కర్లేదు, సైన్సుకు భయపడనూ అక్కర్లేదు. అయితే ఈ రెండింటినీ కలిపి ఎందుకు చదవాలో తెలియకుండా చేరినవారికి మాత్రం రెండో ఏడాదికల్లా విసుగు పుడుతుంది. పాఠాలు చెప్పేచోట ఇది చాలాసార్లు చూశాను. అందుకే ముందు ఆ సంగతి చెప్పి, మిగిలినవాటికి తర్వాత వస్తాను.

పుస్తకాల్లోని కథ నిజమేనని మట్టిలోంచి రుజువు తీసి చూపించడమే పురావస్తుశాస్త్రం పని అని చాలామంది అనుకుంటారు. 19వ శతాబ్దంలో ఈ రంగంలోకి దిగిన ఉద్దండులే అలా అనుకున్నారు. హైన్రిక్ ష్లీమన్ 1870లలో ఇప్పటి టర్కీలోని హిసార్లిక్ దిబ్బను తవ్వించినప్పుడు, హోమర్ పాడిన ట్రాయ్ బాగా అడుగున ఉంటుందని నమ్మి, దిబ్బ నడిమధ్య నుంచి పెద్ద కందకం కొట్టించాడు. 1873లో దొరికిన బంగారాన్ని హోమర్ కథలోని ట్రాయ్ రాజు ప్రయామ్ నిధిగా లోకానికి చాటాడు. ట్రాయ్ యుద్ధం జరిగి ఉంటుందని భావించే కాలానికి ఆ బంగారం వెయ్యేళ్లకు పైగా పాతదని తర్వాత తేలింది. ఆయన వెతుకుతున్న కాలపు పొరల్లో కొంత భాగం ఆ కందకం దెబ్బకే పోయింది. పుస్తకాన్ని చేత పట్టుకుని పొరలను చూడకపోతే జరిగేది ఇదే. పొరలను మాత్రమే చూసి పుస్తకాన్ని పక్కన పెట్టినా చిక్కే, కాకపోతే అది ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు.

రెండూ కలిపి చదవడంలోని రుచి ఎక్కడుందో ఒక ఉదాహరణ చెబుతాను. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో ఆస్ట్రసిజం అనే పద్ధతి ఉండేది. నగరానికి ప్రమాదమనిపించిన నాయకుడి పేరును పౌరులు కుండపెంకు మీద గీసి వేసేవారు. 6,000 ఓట్లు పడితేనే ఆ ఎన్నిక చెల్లుతుంది. ఎక్కువ పెంకులు ఎవరి పేరున పడ్డాయో వారు 10 ఏళ్లపాటు ఊరు విడిచిపోవాలి. సలామిస్ నౌకాయుద్ధంలో పర్షియన్ల మీద గెలుపు తెచ్చిపెట్టిన థెమిస్టోక్లిస్‌కు కూడా క్రీ.పూ. 470 ప్రాంతంలో ఆ గతే పట్టింది. ఎదిగిన మనిషి మీద జనానికి పుట్టే అసూయకు ఇదొక ఊరట అన్నట్టు జీవితచరిత్రలు రాసిన గ్రీకు రచయిత ప్లూటార్క్ చెబుతాడు. చదువుతుంటే నమ్మబుద్ధవుతుంది కూడా. కానీ ప్లూటార్క్ ఆ సంఘటనకు ఐదు వందల ఏళ్ల తర్వాతివాడు.

1937లో ఆస్కార్ బ్రోనీర్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఏథెన్స్ కొండకోట అక్రోపోలిస్ ఉత్తరపు వాలులో ఒక పాత బావిని తవ్వితే సుమారు 190 పెంకులు కుప్పగా బయటపడ్డాయి. వాటి మీద ఉన్నది థెమిస్టోక్లిస్ పేరే. చాలావరకు పానపాత్రల అడుగుభాగాలు. గుండ్రంగా, అరచేతిలో ఇమిడేవి, గీయడానికి అనువైనవి ఎవరో ఏరి పెట్టినట్టున్నాయి. అక్షరాల వంపుసొంపులను ఒకదానితో ఒకటి పోల్చి చూస్తే, అన్ని పెంకులనూ రాసింది 14 మంది మాత్రమేనని తేలింది. అసూయతో రగిలిన పౌరుడు తనంతట తానే వచ్చి పేరు గీసి వెళ్లాడన్న బొమ్మ ఇక్కడ కాస్త చెదిరిపోతుంది.

ఇక్కడ తొందరపడితే పప్పులో కాలేసినట్టే. ప్రత్యర్థి వర్గం ముందుగానే పెంకులు రాయించి పంచిపెట్టాలనుకుందని ఒక వాదన. అక్షరాలు రానివారికి, తీరిక లేనివారికి రాసిచ్చే పనిని కొందరు చేపట్టారని మరో వాదన. ఒకే బావిలో కుప్పగా పడి ఉన్నాయంటే పంచకుండా మిగిలిపోయినవి కూడా కావచ్చు. ఎన్నికల్లో మోసం జరిగిందని కేకలు వేయడం తేలికే. కానీ పేరు రాసి ఉన్న పెంకును ఇష్టపడి తీసుకున్నవాడి ఓటు దొంగ ఓటు ఎలా అవుతుంది? పెంకులు ఆ సంగతి చెప్పవు. ప్లూటార్కూ చెప్పడు, ఆయనకు ఆ ప్రశ్నే తట్టి ఉండదు. గ్రంథం ఒకటి చెబుతుంది, మట్టి ఇంకొకటి చూపిస్తుంది, రెండూ పొసగని చోట నిలబడి ఏది ఎంతవరకు చెప్పగలదో తేల్చుకోవాలి. మీరు చేరాలనుకుంటున్న డిగ్రీ నేర్పేది ప్రధానంగా ఇదే. ఈ పెంకుల గొడవ మీకు ఆసక్తిగా అనిపించిందా? అయితే మీరు సరైన చోటికే వస్తున్నారు. పెంకుల సంగతి వదిలి థెమిస్టోక్లిస్ కథ మిగతా భాగం చెప్పమని మనసు అంటోందా? అప్పుడు చరిత్రో సాహిత్యమో విడిగా తీసుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు.

ప్రాచీనులకు కూడా ఈ చిక్కు తెలుసు. డెలోస్ ద్వీపాన్ని శుద్ధి చేయడం కోసం సమాధులు తవ్వినప్పుడు, లోపలి ఆయుధాలను, పాతిపెట్టిన తీరును బట్టి వాటిలో సగానికి పైగా ఆసియా మైనర్‌కు చెందిన కారియన్లవని గుర్తించారని ఏథెన్స్ చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. స్పార్టా పాడుబడి దేవాలయాలూ పునాదులూ మాత్రమే మిగిలితే, అదొకప్పుడు అంత బలమైన రాజ్యమని తర్వాతి తరాలు నమ్మవనీ, ఏథెన్స్‌కు అదే గతి పడితే శిథిలాలు చూసి దాని బలాన్ని రెండింతలుగా ఊహించుకుంటాయనీ అన్నదీ ఆయనే. మొదటి ఏడాది విద్యార్థులతో నేను ముందుగా చదివించేది ఈ రెండు చోట్లే.

ఇక తరగతుల సంగతి. మొదటి ఏడాది ఎక్కడైనా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. కాంస్య యుగపు రాజభవనాల నుంచి రోమన్ సామ్రాజ్యపు చివరి దశ దాకా ఒక చుట్టు చరిత్ర, అనువాదాల్లో ఇతిహాసాలు, నాటకాలు, చరిత్రకారులు, శిల్పం, వాస్తుకళ, పురావస్తుశాస్త్ర పద్ధతుల పరిచయం. రెండో ఏడాది నుంచి మీరే ఎంచుకుంటారు. ఆఖరి ఏడాది ఒక చిన్న పరిశోధన వ్యాసం సొంతంగా రాయాలి. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు, సిలబస్ కాగితంలో అంతా ఉంటుంది. సిలబస్ చెప్పని విషయం కుండపెంకుల పాలు ఎంత అన్నది. చాలా ఎక్కువ. విగ్రహాల కోసం వచ్చినవారికి మొదట్లో ఇది మింగుడుపడదు. కానీ పాలరాతిని సున్నం కోసం కాల్చారు, కంచును కరిగించి మళ్లీ వాడుకున్నారు, పగిలిన కుండ మాత్రం ఎవరికీ పనికిరాలేదు. అందుకే అది మిగిలింది. రోమ్ నగరంలో మోంటే టెస్టాచియో అనే గుట్ట ఉంది. 30 మీటర్లకు మించిన ఎత్తు, మొత్తం పారేసిన జాడీల పెంకులే. ఎక్కువగా స్పెయిన్ నుంచి ఆలివ్ నూనె తెచ్చినవి. కొన్నింటి మీద నూనె బరువు, వర్తకుడి పేరు, తనిఖీ చేసిన అధికారి గుర్తు సిరాతో రాసి ఉంటాయి. ఏ చక్రవర్తి చరిత్రలోనూ కనిపించని నూనె లెక్క ఆ చెత్తకుప్పలో ఉంది.

కాలనిర్ణయంలోనూ పెంకులదే పెద్దపీట. బొగ్గు, ఎముక వంటివాటిలోని కార్బన్‌ను కొలిచి వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్ష ఉండగా పెంకులెందుకు అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. క్రీ.పూ. 800 నుంచి 400 వరకు ఆ పరీక్ష ఫలితాన్ని అసలు సంవత్సరాల్లోకి మార్చే సవరణ రేఖ దాదాపు చదునుగా సాగుతుంది. అంటే క్రీ.పూ. 700 నాటి బొగ్గుకూ 450 నాటి బొగ్గుకూ విడదీయలేనంత దగ్గరగా ఫలితాలు రావచ్చు. గ్రీకు చరిత్రలో మనకు కావలసిన కాలమే ఆ చదునులో పడింది. అదే కాలపు ఏథెన్స్ చిత్రకుండలను శైలిని బట్టి పాతికేళ్ల తేడాలోపు తేల్చగలరు. ఒకచోట కాలం తెలిసిన పెంకు వేరే దేశంలో దొరికితే అక్కడి కాలపట్టిక కూడా తేలుతుంది. 1945లో పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఇటలీలో తయారైన ఎర్రని అరెటైన్ పెంకులను గుర్తించి, వాటితో కలిసి దొరికిన స్థానిక కుండలకు కాలం నిర్ణయించాడు. ఇందులో సైన్సు లేదనలేం కానీ, కావలసింది ముందు కన్ను. అది చూడగా చూడగా వస్తుంది.

సైన్సు అంతంతమాత్రమన్నారు కదా. శాతాలు, సగటులు, పటాలు, కంప్యూటర్‌లో పట్టికలు ఇబ్బంది లేకుండా చేయగలిగితే డిగ్రీ స్థాయికి సరిపోతుంది. ప్రయోగశాల ఫలితం ఏం చెబుతోందో, ఏం చెప్పడం లేదో అర్థం చేసుకోగలగాలి. వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పూడిపోయిన రోమన్ పట్టణం పాంపేయిలో బూడిద గట్టిపడి మిగిల్చిన ఖాళీల్లో ప్లాస్టర్ పోసి, మరణించినవారి ఆకారాలను తీసే పద్ధతిని గుసెప్పె ఫియోరెల్లి 1863లో అమలుచేశాడు. చేతికి బంగారు కంకణం, ఒడిలో బిడ్డ ఉన్న ఒక ఆకారాన్ని తల్లీబిడ్డలని తరతరాలు చెప్పుకున్నాయి. 2024లో వెలువడిన డీఎన్ఏ పరిశీలనలో ఆ పెద్దమనిషి పురుషుడనీ, ఆ బిడ్డతో రక్తసంబంధం లేదనీ తేలింది. ఇక్కడ పొరబడింది మట్టి కాదు, నగ ఉంటే ఆడమనిషి, ఒడిలో బిడ్డ ఉంటే తల్లి అనుకున్న మనమే. అలాగే వెసూవియస్ క్రీ.శ. 79 ఆగస్టు 24న బద్దలైందని, దాన్ని కళ్లారా చూసిన రోమన్ రచయిత ప్లినీ లేఖల ప్రతులను బట్టి అందరూ రాసేవారు. 2018లో పాంపేయిలోని ఒక ఇంటి గోడ మీద అక్టోబరు 17కు సరిపోయే తేదీ బొగ్గుతో రాసి కనిపించింది. బొగ్గు రాత ఎంతోకాలం నిలవదు కాబట్టి అది ఆ ఏడాదిదేనని చాలామంది వాదన. సంవత్సరం మాత్రం అందులో లేదు. వాదన ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ వదులుగా ఉందో మీకు ఇప్పటికే కనిపించి ఉంటుంది.

క్షేత్రంలో తవ్వకమంటే నిజానికి తవ్వడం తక్కువ, గీకడం, చూడడం, రాయడం ఎక్కువ. చేతిలో చిన్న తాపీ, మోకాళ్ల కింద మెత్త, పక్కన బకెట్టు. మట్టి రంగు ఎక్కడ మారింది, గట్టిదనం ఎక్కడ మారింది, బొగ్గు నుసి ఎక్కడ మొదలైంది అన్నదే రోజంతా ధ్యాస. ప్రతి పొరకూ ఒక సంఖ్య, ఒక ఫారం. రంగును మన్సెల్ చార్టుతో సరిచూసి, ఎత్తులు కొలిచి, బొమ్మ గీసి, ఫొటో తీశాకే తాపీ పెట్టాలి. ఎందుకంత చాదస్తం అంటే, 2వ శతాబ్దపు మట్టి పొర ఒకటి ఉందనుకోండి. 4వ శతాబ్దంలో ఎవరో చెత్త పారేయడానికి పైనుంచి గొయ్యి తీశారు. ఆ గొయ్యి పాత పొరలోకి దిగింది. లోపలి మట్టికీ చుట్టూ ఉన్న మట్టికీ రంగులో వెంట్రుకవాసి తేడా. ఆ అంచును గమనించకుండా తవ్వుకుపోతే, గోతిలోని 4వ శతాబ్దపు నాణెం పాత పొరలో దొరికినట్టు నమోదవుతుంది. పొర ఎప్పుడూ అందులో దొరికిన అన్నింటికంటే కొత్త వస్తువుకు తర్వాతిదే అయి ఉండాలి కాబట్టి, దాని మీద లేచిన గోడలన్నీ కాగితం మీద రెండు వందల ఏళ్లు చిన్నవైపోతాయి. పొరల వరుసను గీతల పటంగా వేసే పద్ధతిని ఎడ్వర్డ్ హారిస్ 1973లో రూపొందించాడు. మీరు చేరిన మొదటి క్షేత్రంలోనే దాన్ని మీ చేత వేయిస్తారు. ఎండ, దుమ్ము, నడుంనొప్పి, రోజుల తరబడి ఏమీ దొరకకపోవడం, ఇవన్నీ ఉంటాయి. శరీరం సహకరించనివారికి పెంకులు కడగడం, వర్గీకరించడం, బొమ్మలు గీయడం, సమాచారం నమోదు చేయడం వంటి పనులుంటాయి, వాటి విలువ తక్కువేమీ కాదు. చేరేముందే విభాగానికి చెప్పండి, చాలాచోట్ల సర్దుబాటు చేస్తారు.

భాషల విషయంలో నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. ఈ డిగ్రీకి గ్రీకు, లాటిన్ తప్పనిసరి కాకపోవచ్చు, ప్రకటనలో ఆ మాటే ఊరిస్తూ రాస్తారు. అయినా మొదటి ఏడాదే ఒకటి మొదలుపెట్టండి. అనువాదం దాచేది చాలా ఉంది. శాసనం మొదట్లో సగం విరిగిపోయిందనుకోండి. 1931లో లైడెన్‌లో కుదిరిన పద్ధతి ప్రకారం, పోయిన చోట పండితుడు ఊహించి నింపిన అక్షరాలను చదరపు కుండలీకరణాల్లో పెడతారు, సరిగా కనిపించని అక్షరం కింద చుక్క పెడతారు. మూలం చూస్తే రాయి ఎంత చెప్పింది, పండితుడు ఎంత చెప్పాడు అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. అనువాదంలో రెండూ కలిసిపోయి అంతా రాయే చెప్పినట్టుంటుంది. ఒక పెద్ద చారిత్రక వాదన మొత్తం ఆ కుండలీకరణాల మధ్య ఉన్న మాట మీద నిలబడి ఉండటం నేను చూశాను.

ఏ భాష అంటే, రోమన్ రాష్ట్రాల వైపు మనసుంటే లాటిన్, గ్రీసు, దాని పక్కనున్న ఏజియన్ సముద్రతీరాల వైపుంటే గ్రీకు. ఎటూ తేలకపోతే లాటిన్ తీసుకోండి, ఫలితం తొందరగా కనిపిస్తుంది. సమాధిరాళ్ల మీద రాత చాలావరకు మూస వాక్యాలే. పైన డి, ఎం అని రెండక్షరాలు ఉంటే చనిపోయినవారి ఆత్మలకు అంకితమని, విఐఎక్స్ కనిపిస్తే ఇన్నేళ్లు బతికారని. కొన్ని నెలల చదువుతోనే మ్యూజియంలో రాయి ముందు నిలబడి ఎవరు, ఎన్నేళ్లకు పోయారు, రాయి ఎవరు నిలబెట్టారు అన్నది చదువుకోగలుగుతారు. మాట చివర మారితే అర్థం మారే పద్ధతి, క్రియ వాక్యం చివరికి రావడం తెలుగువారికి కొత్త కాదు. ఆ రెండింటి దగ్గర తడబడే తోటి విద్యార్థుల కంటే మీరు ముందుంటారు. కంఠస్థం చేయాల్సిన పట్టికలు మాత్రం అందరికీ సమానమే, రోజూ కాసేపు కూర్చోక తప్పదు.

విభాగాన్ని ఎంచుకోవడంలో కోర్సు పేరును నమ్మకండి. ఒకచోట క్లాసికల్ పురావస్తుశాస్త్రం కళాచరిత్ర వైపు ఒరిగి ఉంటుంది, మరోచోట ప్రయోగశాల వైపు. అమెరికాలో పురావస్తుశాస్త్రం తరచుగా మానవశాస్త్ర విభాగంలో ఉంటుంది, గ్రీకు, రోమన్ తవ్వకాలు చేసేవారు వేరే భవనంలో కూర్చుంటారు. కరపత్రాలు అరచేతిలో వైకుంఠం చూపిస్తాయి. అందుకని నేరుగా అడగండి. డిగ్రీలో క్షేత్రపని ఎన్ని వారాలు, దాని ఖర్చు ఎవరు భరిస్తారు? ఈ రెండో ప్రశ్న మొహమాటపడకుండా అడగాల్సింది, ఎందుకంటే కొన్ని క్షేత్ర శిబిరాలు విద్యార్థుల నుంచే రుసుము తీసుకుంటాయి. విభాగానికి సొంత తవ్వకం ఉందా? పెంకులు, నాణేలు చేత్తో పట్టుకుని చూడగలిగే బోధనా సేకరణ ఉందా? మొదటి ఏడాది మొదలుపెట్టిన భాషను ఆఖరి ఏడాది దాకా కొనసాగించవచ్చా? ఏథెన్స్‌లోనూ రోమ్‌లోనూ విదేశీ పరిశోధన సంస్థలున్నాయి. ఏథెన్స్‌లో ఫ్రెంచ్ స్కూల్ 1846 నుంచి, అమెరికన్ స్కూల్ 1881 నుంచి, బ్రిటిష్ స్కూల్ 1886 నుంచి పనిచేస్తున్నాయి. ఏథెన్స్ నగర కూడలి అయిన ప్రాచీన అగోరాను అమెరికన్ స్కూల్ 1931 నుంచి తవ్వుతోంది. మీ విభాగానికి ఇలాంటి సంస్థలతో సంబంధం ఉంటే దారులు తెరుచుకుంటాయి.

ఇంకో మాట కూడా అడిగి చూడండి. వస్తువులు ఎవరివి అన్న చర్చ పాఠ్యాంశంలో ఉందా అని. అక్రోపోలిస్ మీది పార్థినాన్ ఆలయపు శిల్పాలు 1816లో బ్రిటిష్ మ్యూజియం చేతికి ఎలా వచ్చాయి, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 1972లో కొన్న, ప్రాచీన ఏథెన్స్ చిత్రకారుడు యూఫ్రోనియోస్ బొమ్మలు గీసిన పాత్ర 2008లో ఇటలీకి ఎందుకు తిరిగి వెళ్లింది అన్నవి పక్కన పెట్టే విషయాలు కావు. దొంగచాటుగా తవ్విన పాత్ర ఎంత అందంగా ఉన్నా, ఏ సమాధిలో ఏ వస్తువుల పక్కన ఉందన్న సమాచారం దానితో రాదు, ఇక ఎన్నటికీ రాదు.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. పురావస్తు ఉద్యోగాల్లో ఎక్కువ భాగం పరిశోధన తవ్వకాల్లో లేవు. రోడ్డో భవనమో రైలుమార్గమో కట్టేముందు ఆ నేలను పరిశీలించే పనుల్లో ఉన్నాయి. ఇంగ్లండులో 1990 నుంచి ప్రణాళికా నిబంధనలు ఆ ఖర్చును నిర్మాణదారు మీద పెట్టాయి. 1992 నాటి వలెట్టా ఒప్పందం యూరప్‌లో ఆ దారిని స్థిరపరిచింది. పని దొరుకుతుంది కానీ ఒప్పందాలు తాత్కాలికం, చదువుకు తగ్గ జీతం కాదు, వానలో బురదలో నిలబడాలి. డ్రోన్ చిత్రాలు, భౌగోళిక సమాచార వ్యవస్థలు, ఎముకల పరిశీలన, వస్తు సంరక్షణ వంటి ఒక నైపుణ్యం చేతిలో ఉంటే నిలదొక్కుకోవడం తేలికవుతుంది. మ్యూజియంలు, బోధన, ప్రచురణ, ప్రభుత్వ ఉద్యోగాలు మరో దారి. పట్టభద్రుల్లో చాలామంది ఈ రంగానికి సంబంధం లేని పనుల్లో స్థిరపడతారు, అక్కడ బాగానే రాణిస్తారు. పరిశోధన, అధ్యాపక వృత్తి లక్ష్యమైతే గ్రీకు, లాటిన్ రెండూ కావాలి. జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ చదివి అర్థం చేసుకోగలగాలి, తవ్వకాల నివేదికల్లో చాలావి ఆ భాషల్లో ఉంటాయి. ఇంతా చేసినా శాశ్వత పదవులు బహు తక్కువ. ఇంట్లో ఆర్థిక ఒత్తిడి ఉంటే ఈ పేరా మళ్లీ ఒకసారి చదవండి. అప్పు చేసి చేరమని నేను ఎవరికీ చెప్పను.

దరఖాస్తులో చిన్నప్పటి నుంచి పురాణగాథలంటే ఇష్టమని రాయకండి, వచ్చే దరఖాస్తులన్నింటిలో ఆ వాక్యం ఉంటుంది. దానికి బదులు మ్యూజియం వెబ్‌సైట్‌లో ఏదైనా ఒక మామూలు వస్తువును, దీపమో సూదో ఇటుకో ఎంచుకోండి. దేనితో చేశారు, ఎక్కడ ఏ పొరలో దొరికింది, పక్కన ఏమున్నాయి, కాలం ఎలా నిర్ణయించారు, అలాంటి వస్తువు గురించి ప్రాచీన రచయిత ఎవరైనా రాశారా, రాస్తే ఆ మాట ఈ వస్తువుతో సరిపోతోందా? దీని మీద అరపేజీ రాసి చూడండి. ఎక్కడ దొరికిందో మ్యూజియం రాయకపోతే ఆ విషయం కూడా రాయండి, ఇంటర్వ్యూలో ముందుగా అడిగేది దాని గురించే కావచ్చు.